పెసరట్టులో ఎనిమిదో వంతు

మా కుందన ఐదో తరగతి ఫస్టున ప్యాసయింది. అయినా మళ్లీ ఐదో తరగతిలోనే కూర్చోవలసి వచ్చింది. ఏమీ తెలియనట్టు ఉండడం దానికొచ్చినంత బాగా ఆ బళ్లో ఇంకెవరికీ రాదట. అందుకని పంపలేమన్నారు.

ఈ సంగతి ఫోన్లో చెబితే మా ఆడపడుచు నమ్మలేదు. "ఫెయిలయిందంటే నేనేం అనుకుంటాను వదినా, మన పిల్లే కదా" అని ఓదార్చింది. ఒకసారి ఓదార్పు అందుకున్నాక నిజం చెప్పడం చాలా కష్టం. కాబట్టి బడి పుట్టుపూర్వోత్తరాల దగ్గర్నుంచి మొదలుపెట్టాను. వింటూ వింటూ ఆవిడ మధ్యలో కుక్కరు దింపుకుని కూడా వచ్చింది.

మాది పెంకుల మిల్లు వీధి. మిల్లు ఇప్పుడు లేదు, వీధి ఉంది. మిల్లు నడిచే రోజుల్లో దాని యజమాని కూలీల పిల్లల కోసం ఒక షెడ్డు వేయించి, తన పెంకులే కప్పించి, బడి పెట్టించాడు. మిల్లు మూతపడ్డాక బడి మున్సిపాలిటీకి వచ్చింది. మున్సిపాలిటీ పెరిగి నగరపాలక సంస్థ అయింది. బడి మాత్రం పెరగలేదు. వానొస్తే కురిసేది. పక్కనే కాల్చిన పెంకులు కాబట్టి తీసుకొచ్చే దారిలో పగిలాయనడానికి కూడా వీల్లేదు.

ఇలా ఉండగా మన అధికారులు ఒక కొండమీది చల్లటి ఊరికి శిక్షణకు వెళ్లారు. విదేశాల్లో పెద్ద పెద్ద నగరాలు తమ బళ్లను తాము నడుపుకోవనీ, ఎవరికైనా అప్పగించేస్తాయనీ అక్కడ తెలుసుకుని, స్వెట్టర్లతో సహా తిరిగొచ్చారు. అప్పగించేటప్పుడు చార్టర్ అని ఒక కాగితం రాసుకుంటారట. బడిలో ఉండవలసినవన్నీ ఆ కాగితంలో ఉంటాయి కాబట్టి బడిలో విడిగా ఉండనక్కర్లేదు.

అలా మా పెంకుల మిల్లు బడి ఉన్మేషిక ట్రస్టు వారి చేతికి వచ్చింది. గోడలకు పసుపూ నీలమూ రంగులు పడ్డాయి. పెంకుల కింద అందమైన తెల్లటి సీలింగు వేశారు. అప్పట్నుంచి కురవడం మానలేదు గానీ కురుస్తున్నట్టు కనబడడం మానేసింది.

ప్రారంభోత్సవం రోజున నగరపాలక సంస్థ విద్యా పర్యవేక్షణాధికారి భీమశంకరంగారు చార్టర్ చదివారు. ఆయన మాట్లాడితే గెజిట్ చదివినట్టు ఉంటుంది. గెజిట్ చదివితే మాట్లాడినట్టు ఉండదు. పది షరతులూ ఎవరూ వినలేదు. పదకొండోది మాత్రం ఆయన గొంతు పెంచి చదివారు.

"సదరు పాఠశాల ఇతర పాఠశాలలకు ఆదర్శముగా నిలువవలెను. ఆదర్శముగా నిలిచినదీ లేనిదీ సందర్శకుల సంఖ్యను బట్టి నిర్ధారింపబడును. సందర్శకులు కోరిన ప్రతి ప్రక్రియను ప్రదర్శించి చూపవలెను. అట్లు చూపనిచో ఒప్పందము రద్దగును."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ తర్వాత ట్రస్టు డైరెక్టరు ప్రభంజన్‌గారు మైకు తీసుకున్నారు. చిన్నవాడే. ఖాదీ కుర్తా, బూట్లు. "ఇది స్కూలు కాదండీ, ఒక ఎకోసిస్టమ్. ఇక్కడ టీచింగ్ జరగదు. లెర్నింగ్ సంభవిస్తుంది" అన్నారు.

నా పక్కన నూకరత్నం కూర్చుంది. బడి ఎదురుగా టిఫిన్ సెంటర్ ఆవిడదే. కొడుకు లోవరాజు కుందన ఈడువాడు. "సంభవిత్తే సంభవించింది గానండి వైదేహిగారూ, మావోడికి ఎక్కాలెవరు సెప్తారండి?" అంది.

అప్పటిదాకా కుందన కాన్వెంటులో చదివేది. అక్కడ పిల్లలు నోరు విప్పితే జరిమానా. ఇక్కడ నోరు విప్పమంటున్నారు కదా అని మాన్పించి, ఇక్కడ ఐదులో చేర్చాను. "బీయస్సీ చదివినదానివి, నీకే తెలియాలి" అన్నారు మా ఆయన. నాకో డిగ్రీ ఉందన్న సంగతి మా ఇంట్లో గుర్తొచ్చేది, రేపు ఏదైనా తేడా వస్తే ఎవరిని అనాలో ముందుగా తేల్చుకోవలసి వచ్చినప్పుడే.

ఉన్నమాట చెప్పాలి. మొదట్లో బడి బాగా నడిచింది. అలేఖ్య అని కొత్తగా చదువు ముగించి వచ్చిన టీచరు, పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని చెప్పేది. కుందన ఇంటికొచ్చి నన్ను ప్రశ్నలు అడిగేది. వాటిలో సగానికి నా బీయస్సీ సరిపోలేదు.

అప్పుడు మొదటి సందర్శకులు వచ్చారు. రాజధాని నుంచి నలుగురు పెద్దమనుషులు. ఆ రోజు అలేఖ్య టీచరు భిన్నాలు చెబుతోంది. "నాలుగో వంతు పెద్దదా, ఎనిమిదో వంతు పెద్దదా?" అని అడిగితే మా కుందన లేచి, "ఎనిమిదో వంతండి, నాలుగు కంటే ఎనిమిది పెద్దది కదండి" అంది. టీచరు నవ్వి, ఎదురు టిఫిన్ సెంటర్ నుంచి ఒక పెసరట్టు తెప్పించి, పిల్లల ముందే నాలుగు ముక్కలు చేసింది. ఒక్కో ముక్కనీ మళ్లీ రెండు చేసింది. "నీకు బాగా ఆకలేస్తోంది. ఏ ముక్క తీసుకుంటావు?"

కుందన పెదవి కొరుక్కుంది. పైకి చూసింది. కనుబొమ్మలు లేచాయి. "ఓ! ముక్కలు ఎక్కువయ్యేకొద్దీ ముక్క చిన్నదైపోతుంది!"

వచ్చినవాళ్లలో ఒక పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. అభిప్రాయాల పుస్తకంలో "ఈ రోజు నేను ఒక మనసు తెరుచుకోవడం చూశాను" అని రాశాడు. ఆ వాక్యాన్ని ట్రస్టువాళ్లు ఫ్రేము కట్టించి గేటు దగ్గర పెట్టారు. పక్కన పెసరట్టు బొమ్మ.

వారం తిరక్కుండా ఇంకో బృందం వచ్చింది. మనసు తెరుచుకోవడం వాళ్లకీ చూపించాలి. మళ్లీ అదే ప్రశ్న అడిగారు. కుందన టక్కున లేచి, "నాలుగో వంతండి" అంది. బృందం గడియారాలు చూసుకుంది.

సాయంత్రం ప్రభంజన్‌గారు నన్ను పిలిపించారు. "మేడమ్, పాప ఈవేళ లెర్నింగ్ జర్నీని షార్ట్ సర్క్యూట్ చేసేసింది."

"వచ్చిన జవాబు చెప్పిందండి."

"జవాబు గమ్యం మేడమ్. విజిటర్స్‌కి కావలసింది ప్రయాణం. పాప ఆల్రెడీ గమ్యంలో కూర్చుంటే మేము ఆమెని ఎక్కణ్ణించి తీసుకెళ్లాలి చెప్పండి?"

ఆయన దయగా నవ్వి, "వెనక్కి రమ్మనండి, చాలు" అన్నారు.

అది మొదలు కుందన వెనక్కి వెళ్లడం నేర్చుకుంది. ట్రస్టువాళ్లు రాజధాని నుంచి ఒక శిక్షకుణ్ణి తెచ్చారు. ముందు తప్పు చెప్పాలి. తర్వాత కింది పెదవి కొరకాలి. సీలింగు వైపు చూడాలి. ఊపిరి ఒకసారి తీసి వదిలేంతసేపు ఆగాలి. అప్పుడు కనుబొమ్మలు, ఆ తర్వాత "ఓ!". మా అమ్మాయికి ఇదంతా సరదాగానే ఉండేది. కోసిన పెసరట్టు దానికే ఇచ్చేవారు మరి.

సందర్శకులు వారానికోసారి నుంచి రోజూకి, రోజూ నుంచి పూటకోసారికి వచ్చారు. వాళ్లకు ముందు గేటు. బొట్టు, పన్నీరు, బంతిపూల దండ. తల్లిదండ్రులకు వెనక గేటు, అదీ శనివారం సాయంత్రం. కొన్నాళ్లకి పెసరట్టుతో చెప్పడానికి వీల్లేని లెక్కలన్నీ సిలబస్‌లోంచి జారిపోయాయి. తర్వాత సైన్సు జారిపోయింది. తెలుగు మాత్రం 'నాకు నచ్చిన వంటకం' అనే వ్యాసం రూపంలో మిగిలింది. మిగతా తరగతుల పిల్లలందర్నీ తెచ్చి అదే హాల్లో వెనక కూర్చోబెట్టారు. వాళ్ల పని ఆశ్చర్యపోవడం.

"ఒక్క పాఠమేనా సార్ సంవత్సరమంతా?" అని ఒక శనివారం అడిగాను.

"డెప్త్ మేడమ్" అన్నారు ప్రభంజన్‌గారు. "మిగతా స్కూళ్లు వెడల్పుకి వెళ్తున్నాయి. మేము లోతుకి వెళ్తున్నాం."

లోతుకి వెళ్లినకొద్దీ ఇంకొన్ని అవసరాలు పడ్డాయి. సందర్శకులకు ఒక కష్టాల పిల్లవాడు కావలసి వచ్చాడు. లోవరాజుని ఎంపిక చేశారు. వాడు పాఠం మొదలయ్యే ముందు లేచి, "మా నాన్న సముద్రంలో ఏటకెల్లి తిరిగి రాలేదండి. అయినా నేను బిన్నాలు నేర్సుకుంటానండి" అనాలి. తర్వాత అందరూ కళ్లు తుడుచుకుని ఎదురు టిఫిన్ సెంటర్‌కి వెళ్లేవారు. అక్కడ లోవరాజు నాన్న పెనం దగ్గర నిలబడి, "ఉప్మా ఎయ్యమంటారాండి లోపల?" అని అడిగేవాడు.

నూకరత్నం అగ్గిమీద గుగ్గిలమైంది. అట్లకాడ చేత్తో పట్టుకునే మా ఇంటికి వచ్చేసింది. "నా మొగుణ్ణి పూటకోపాలి సంపేత్తన్నారండి! అదీ కన్నకొడుకు నోటంట! నిన్న ఓ అమ్మగారు నాకాడికొచ్చి, ధైర్యంగా ఉండమ్మా అని బుజం తట్టిందండి. పక్కనే ఆయన సెట్నీ ఏత్తన్నాడు!"

"డైరెక్టరుగారితో చెప్పావా?"

"సెప్పేనండి. సందర్సన ఏళల్లో ఆయన్ని బయటికి రావద్దన్నారండి. పెనం నన్ను సూసుకోమన్నారు. మీరు సింగిల్ మదర్‌గా సాలా బాగా కనపడతారు మేడమ్ అన్నారండి."

నేను నవ్వాను. అప్పటికి నవ్వగలిగే స్థితిలోనే ఉన్నాను.

చలికాలంలో కుందనకి జలుబు చేస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన స్టెతస్కోపు పెడుతూ, "నీ పేరేంటమ్మా?" అన్నారు. అది పెదవి కొరుక్కుంది. సీలింగు వైపు చూసింది. ఫ్యాను తిరుగుతోంది. ఒక ఊపిరి తీసి వదిలింది. కనుబొమ్మలు లేచాయి. "ఓ! కుందన!"

డాక్టరుగారు నా వైపు చూశారు. జలుబు మందుతోపాటు ఇంకో డాక్టరు పేరు కూడా రాసిచ్చారు.

ఇంటికొస్తూ దారిలో, "పేరు తెలీదా నీకు?" అన్నాను, కోపం ఆపుకోలేక.

"తెలుసమ్మా. కానీ వెంటనే చెప్పేస్తే వాళ్లకి బాగుండదు" అంది కుందన. చాలా మామూలుగా అంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన ఏం అడిగినా అది ముందు తప్పు చెప్పి తర్వాత ఒప్పు చెప్పింది. ఆయనకు ముచ్చటేసింది. "మన పిల్ల ఎంత చక్కగా ఆలోచిస్తుందో చూడు" అన్నారు. నేను మాత్రం కంచం ముందునుంచి లేచిపోయాను. ఏ పిల్లకైనా తెలిసినందుకు మెప్పు వస్తుంది. నా పిల్ల తెలియకపోతేనే తనని ఇష్టపడతారని నేర్చుకుంది. అదొక్కటే ఆ బళ్లో నిజంగా నేర్పిన పాఠం. డెప్త్ అంటే అదే కాబోలు.

ఐదు అయిపోగానే ఎలాగూ హైస్కూలుకి పంపాలి. మా బళ్లో ఐదు వరకే ఉంది. ఈ కొద్ది నెలలూ ఓర్చుకుంటే చాలనుకున్నాను. వేసవి సెలవులయ్యాక టీసీ కోసం వెనక గేటుకి వెళ్లాను.

"టీసీనా?" అన్నారు ప్రభంజన్‌గారు. నేనేదో బడి గోడ అడిగినట్టు చూశారు. "మేడమ్, కుందన ఇప్పుడొక స్టూడెంట్ కాదు. కుందన మా మెథడ్. ఈ నెలలోనే చార్టర్ రెన్యువల్ ఉంది. ఈ సమయంలో మెథడ్‌ని హైస్కూలుకి పంపేస్తే ఎలా? ఇంకో సంవత్సరం ఐదులోనే ఉండనివ్వండి. దీన్ని ఫెయిల్ అనకండి. మేము డీపెనింగ్ ఇయర్ అంటాం."

"దానికి అన్నీ వచ్చండి. మీరే ఫస్టు అన్నారు."

"అదే కదా మా గర్వం! అన్నీ వచ్చి కూడా ఏమీ రానట్టు ఉండగలదు. మామూలు పిల్లలు రానప్పుడే రానట్టు ఉంటారు."

ఆ గదిలో మూలన అలేఖ్య టీచరు కూర్చుని ఉంది. నేను బయటికొస్తుంటే వెనకే వచ్చింది. "ఆంటీ, నేను పాఠాలు చెబుదామని వచ్చాను" అంది. ఇంకేదో అనబోయి, "ఇంట్లో అమ్మ దోసె పెట్టినా తినలేకపోతున్నాను" అని వెళ్లిపోయింది.

నగరపాలక సంస్థ ఆఫీసుకి వెళ్లాను. భీమశంకరంగారు నా అర్జీని రెండు వైపులా చూశారు. రెండోవైపు ఏమీ లేదు. అక్కడే ఎక్కువసేపు చూశారు.

"మీ అర్జీ పరిశీలనార్హమే గాని పరిష్కారార్హము కాదు" అన్నారు. "పాఠశాలతో పాటు ట్రస్టు వారికి అప్పగింపబడినవి ఏవనగా: బెంచీలు, బీరువా, ఇత్తడి గంట, విద్యార్థులు. ఒప్పందము ముగియునాటికి అప్పగించినవన్నియు అప్పగించిన స్థితిలోనే తిరిగి స్వాధీనపరచవలెను. మీ అమ్మాయి తదుపరి చేరిననూ, ఐదవ తరగతి స్థితిలోనే అప్పగింపబడినట్లు పరిగణింపబడును."

"పిల్లలు పెరుగుతారు కదండీ?"

ఆయన కళ్లజోడు తీశారు. "బెంచీలు పెరుగుట లేదే!"

"పోనీ, ఆ ఇత్తడి గంటనైనా రోజూ కొడుతున్నారేమో చూడండి" అని చెప్పి వచ్చేశాను. అది పరిష్కారార్హమో కాదో ఆయన చెప్పలేదు.

హైస్కూలులో చేరికలు నెలాఖరుతో ఆఖరు. టీసీ లేనిదే చేర్చుకోరు. మా ఆయన పెద్దవాళ్లెవరితోనో మాట్లాడతానన్నారు. మాట్లాడారు కూడా. ఆ పెద్దవాళ్లు, "ఓహో, పెసరట్టు బడే! మేమూ చూడాలనుకుంటున్నాం, ఎప్పుడు రమ్మంటారు?" అన్నారట.

నెలాఖరు ముంచుకొస్తుండగా వాయుగుండం పట్టింది. రైళ్లు ఆగిపోయాయి. ఆ పొద్దున్నే గొడుగేసుకుని నూకరత్నం వచ్చింది.

"పెసరట్లు వద్దన్నారండి! పక్క జిల్లా నుంచి బస్సెక్కి టీచర్లొత్తారని ఆర్డరిచ్చేరా, ఇప్పుడు వాగు పొంగి బస్సు కదల్లేదంట. పప్పు నానబోసుకుని కూకున్నానండి. ఆ డైరెక్టరుబాబుకైతే మొకాన నెత్తురు సుక్క లేదండి."

"ఆయనకేం? మళ్లీ ఎప్పుడైనా వస్తారు."

"ఈ రోజే కదండి భీమశంకరంగారొచ్చేది! రెన్యూలంట. సందర్సకుల్ని కళ్లారా సూసి రాసుకెల్తారంట. ఈయన కాడ ఒక్క పురుగూ లేదు."

నేను కాఫీ కలుపుతున్నాను. చెంచా ఆగిపోయింది.

"నూకరత్నం, నీ దగ్గర పట్టుచీర ఉందా?"

"ఉందండి. పెళ్లప్పటిది. ఏటండి, ఎవరి పెళ్లండి?"

"పెళ్లి కాదు. అప్పగింతలు."

గంటలో వీధి వీధంతా కదిలింది. తల్లులందరం పట్టుచీరలు కట్టాం. మా ఆయన ఆఫీసు సమావేశాల్లో మెడలో వేసుకొచ్చే నీలం తాళ్ల బిళ్లలు ఇంట్లో బోలెడు పడి ఉన్నాయి. అందరికీ తలొకటి తగిలించాను. చేతికొక ఖాళీ ఫైలు. నూకరత్నం మెడలో ఉన్న బిళ్లమీద 'ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్' అని ఉంది. తీసెయ్యమంటే ఒప్పుకోలేదు.

మేం ముందు గేటు దగ్గరికి వెళ్లేసరికి ప్రభంజన్‌గారు వానలో నిలబడి రోడ్డు వైపు చూస్తున్నారు. మమ్మల్ని గుర్తుపట్టారు. "పేరెంట్స్ వెనక గేటు" అనబోయారు.

"పెంకుల మిల్లు వీధి మహిళా అధ్యయన బృందం" అన్నాను. "ఆదర్శ పాఠశాలను సందర్శించడానికి వచ్చాం."

ఆయన వెనక్కి తిరిగి చూశారు. వరండాలో భీమశంకరంగారు కుర్చీలో కూర్చుని, గొడుగు దులుపుకుంటూ మా తలలు లెక్కపెడుతున్నారు. ప్రభంజన్‌గారి చేతులు వాటంతటవే జోడింపబడ్డాయి. "రండి మేడమ్, రండి! పన్నీరు!"

నా పిల్ల చదివే బళ్లోకి నేను మొదటిసారి ముందు గేటులోంచి, మెడలో బంతిపూల దండతో వెళ్లాను.

పాఠం మొదలైంది. లోవరాజు లేచి, "మా నాన్న సముద్రంలో..." అని, పట్టుచీరలో తల్లిని చూసి మాట మార్చేశాడు. "తిరిగొచ్చేసేడండి" అని కూర్చున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. టీచరు ప్రశ్న అడిగింది. కుందన లేచింది. నన్ను చూసింది. తప్పు చెప్పింది, పెదవి కొరికింది, సీలింగు వైపు చూసింది. ఒక్క ఊపిరిలో అన్నీ చేసి "ఓ!" అంది. అబద్ధమెందుకు, నాకే ఒళ్లు జలదరించింది. ఆ పిల్ల అంత బాగా చేసింది.

చప్పట్లయ్యాక నేను లేచాను. "చాలా సంతోషం సార్. పిల్లలు ఎలా నేర్చుకుంటారో చూశాం. ఇప్పుడు నేర్చుకున్నాక ఎలా వెళ్తారో చూడాలని ఉంది."

"అంటే మేడమ్?"

"టీసీ ఇచ్చే ప్రక్రియ. సంతకం, ముద్ర, అన్నీ. మా బృందం ముఖ్యంగా అది అధ్యయనం చేయడానికే వచ్చింది."

ప్రభంజన్‌గారి నవ్వు ఆగిపోయింది. "అది మా విజిట్ ఫ్లోలో లేదు మేడమ్..."

వరండాలోంచి గెజిట్ వినిపించింది. "షరతు పదకొండు. సందర్శకులు కోరిన ప్రతి ప్రక్రియను ప్రదర్శించి చూపవలెను. అట్లు చూపనిచో..."

"రద్దగును" అన్నాం తల్లులందరం.

"మరి, అప్పగించిన స్థితి సంగతి..." అన్నారు ప్రభంజన్‌గారు, భీమశంకరంగారి వైపు ఆశగా చూసి.

"అది ఒప్పందము ముగిసినపుడు కదా! మీ ఒప్పందము నేడు పునరుద్ధరింపబడుచున్నది. ముగియని దానికి స్వాధీనమెక్కడిది? నిష్క్రమణ ప్రక్రియ సైతము ఆదర్శప్రాయముగా ఉండవలెను. కానిండు."

నేను ఆయన్ని అపార్థం చేసుకున్నానేమో అనిపించింది. నిబంధన ఎటు నడిపిస్తే అటు నడిచే మనిషి. ఇన్నాళ్లూ నేను తప్పు వైపు నిలబడ్డాను, అంతే.

అలేఖ్య టీచరు ఎవరూ అడక్కుండానే టీసీ పుస్తకం తెచ్చింది. కుందన పేరు రాసింది. ప్రభంజన్‌గారు సంతకం పెట్టారు. ముద్ర పడింది. మేం చప్పట్లు కొట్టాం. ఆయనకు కాస్త ఉత్సాహం వచ్చింది. "దీన్ని మేము ట్రాన్సిషన్ మూమెంట్ అంటామండీ" అని వివరించడం మొదలుపెట్టారు.

వెనక వరసలోంచి నూకరత్నం చెయ్యెత్తింది. "మాకు సరిగ్గా కనపళ్లేదండి. మావోడితో ఇంకోపాలి సూపించండి."

లోవరాజుతో చూపించారు. తర్వాత మూడో తరగతి పిల్ల తల్లి, ముద్ర వేసేటప్పుడు ఎవరో అడ్డొచ్చారంది. ఆవిడ కూతురితో చూపించారు. ఒకావిడ వీడియో సరిగ్గా రాలేదంది. ఇంకొకావిడ, ఒకటో తరగతివాళ్లకైతే ప్రక్రియలో ఏమైనా తేడా ఉంటుందా అని అడిగింది. చాలా మంచి ప్రశ్న అన్నారు ప్రభంజన్‌గారు. అలేఖ్య టీచరు అంత వేగంగా రాయగలదని నేను అనుకోలేదు. ఆఖరి పిల్లవాడి టీసీ అయ్యాక తన రాజీనామా కూడా అదే కలంతో రాసి, అదే ముద్ర కింద పెట్టింది. ఆయన చూసుకోకుండా దాని మీదా వేశారు.

మధ్యాహ్నానికి హాల్లో మేము, మా దండలు, చల్లారిన పెసరట్టు మిగిలాం. పిల్లలు వానలో ఇంటిదారి పట్టారు. భీమశంకరంగారు రాసుకున్నది మాకు చదివి వినిపించారు. "నేడు సందర్శకుల సంఖ్య అపూర్వము. విద్యార్థుల వల్ల ఎట్టి అల్లరియు గమనింపబడలేదు. ఒప్పందము మరి పదేండ్లకు పొడిగింపబడినది."

కుందన హైస్కూల్లో చేరింది. మొదటి రోజు సాయంత్రం పరుగెత్తుకుంటూ వచ్చింది. "అమ్మా, లెక్కల మాస్టారు ఆగనే లేదు! నేను పైకి చూస్తుంటే, తెలిస్తే చెప్పు, లేకపోతే కూర్చో, పైన పల్లీలున్నాయా అన్నారు."

"మరి?"

"చెప్పేశాను."

"బాగుందా?"

అది కొంచెం ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. ఆ రెంటికీ తేడా ఈమధ్య నాకు బాగా తెలుసు. "ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కానీ బాగానే ఉంది" అంది.

బడి ఇప్పుడు ఇంకా బాగా నడుస్తోంది. పిల్లలు లేకపోవడంతో సందర్శకులకు కూర్చునే చోటు పెరిగింది. పెసరట్టు బొమ్మ చూపిస్తారు, కుందన వీడియో వేస్తారు. ఒక విదేశీ బృందం, ఇంత ప్రశాంతమైన పాఠశాలను తాము ఎక్కడా చూడలేదని రాసిందట. నూకరత్నం ఆర్డర్లు రెట్టింపయ్యాయి. లోవరాజు నాన్న మళ్లీ పెనం దగ్గరికి వచ్చేశాడు.

మొన్న ఆదివారం ప్రభంజన్‌గారు మా ఇంటికి వచ్చారు. ఆపిల్ పళ్లు తెచ్చారు. కాఫీ తాగి, కప్పు కింద పెట్టి, గొంతు సవరించుకున్నారు. "మేడమ్, వచ్చే వారం చాలా పెద్దవాళ్లు వస్తున్నారు. వాళ్లకొక వింత కోరిక. బళ్లో ఒక్క పిల్లనైనా చూడాలంటున్నారు. ఒక్క పూట కుందనని పంపిస్తారా? నాలుగో వంతు, ఎనిమిదో వంతు, అంతే."

నేను కింది పెదవి కొరుక్కున్నాను. మా హాలు సీలింగు వైపు చూశాను. బూజు దులపాలి. ఒక ఊపిరి తీసి వదిలాను. కనుబొమ్మలు ఎత్తాను.

"ఓ! కుందనా? ఏ కుందన అండీ?"

ఆయన ఆపిల్ పళ్లు వదిలేసి వెళ్లిపోయారు.

తలుపు వేసి వచ్చేసరికి కుందన గుమ్మంలో లెక్కల పుస్తకం పట్టుకుని నిలబడి ఉంది. పెదవి విరిచింది.

"కనుబొమ్మలు మరీ తొందరగా ఎత్తేశావమ్మా. నీకు తెలుసని తెలిసిపోయింది."